తూకమునకు రాని సరుకు

బియ్యమునకు ధర కట్టుట సులభము. బస్తా ఉన్నది, తూకము ఉన్నది, రకమునకు పేరు ఉన్నది. నిరుడు ఈ మాసములో ఈ రకము బస్తా వెల యెంత, ఈ యేడు ఎంత అని అడిగిన, భేదమెంతయో చిల్లర వర్తకుడైనను తడుముకొనక చెప్పగలడు. కాని న్యాయవాది యిచ్చిన సలహాకు బస్తా ఏది? వైద్యుడు నాడి చూచినందుకు తూనికరాయి ఏది? సరుకును చేరవేసిన రైలుబండి, సొమ్మును భద్రపరచిన బ్యాంకు, రాత్రి యంతయు గిడ్డంగికి కావలి కాచిన మనిషి, వీరందరును అమ్మునది వస్తువు కాదు, సేవ. అమ్మిన క్షణముననే అది ఖర్చయిపోవును. రేడియోలో ప్రసంగించు వాని సంగతియు ఇంతే. మాట నోటినుండి వెడలినంతనే గాలిలో కలిసిపోవును. ఇట్టి సరుకు వెల నిరుటి కంటె పెరిగినదా తగ్గినదా అని లెక్క తేల్చు విద్య గణాంక శాస్త్రజ్ఞులకు పట్టుబడుటకు దాదాపు మూడు వందల సంవత్సరములు పట్టినది. ఆ కథను కొంత పరిశీలింతము.

ధరల మార్పును లెక్కించు ప్రయత్నములలో ప్రసిద్ధమైనది 1707లో ఇంగ్లండులో జరిగినది. విలియం ఫ్లీట్‌వుడ్ అను మతాచార్యుడు ఒక విచిత్రమైన ధర్మసందేహమును విచారించెను. పదునైదవ శతాబ్దమున స్థాపితమైన ఒక విద్యాలయము నియమావళిలో, సాలుకు ఐదు పౌనులకు మించి స్వంత ఆదాయము గలవాడు విద్యాలయపు సభ్యత్వమును వదలుకొనవలెనని యుండెను. రెండు వందల యేబది సంవత్సరములు గడచిన పిమ్మట ఆ ఐదు పౌనులకు అర్థమేమి? నియమములోని అక్షరమును పాటింపవలెనా, ఆనాటి ఐదు పౌనులతో లభించిన జీవనమును పాటింపవలెనా? ఫ్లీట్‌వుడ్ పాత పద్దులు తిరుగవేసి, ఆ కాలమున ఐదు పౌనులకు లభించిన గోధుమలు, పానీయము, బట్ట తన కాలమున ఎంతకు వచ్చునో లెక్కించెను. దాదాపు ఐదారు రెట్లు కావలసివచ్చునని తేలినది. ఆధునిక ధరల సూచికి ఇది బీజము.

1764లో ఇటలీ దేశీయుడగు కార్లీ ధాన్యము, ద్రాక్షసారాయము, నూనె అను మూడింటిని తీసికొని 1500, 1750 సంవత్సరముల నాటి ధరలను పోల్చిచూచెను. 1780లో అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రము, స్వాతంత్ర్య యుద్ధములో పోరాడుచున్న సైనికుల జీతమును కాగితపు ద్రవ్యము హరించివేయుచుండగా, వారికి పత్రములు వ్రాసి యిచ్చినది. ఆ పత్రముల విలువను మొక్కజొన్న, గొడ్డుమాంసము, గొఱ్ఱె ఉన్ని, తోలు అను నాలుగు సరుకుల ధరలకు ముడివేసినది.

ఈ ఉదాహరణములలో ఒక విశేషమును గమనింపవలెను. ఫ్లీట్‌వుడ్ విచారించినది విద్యావంతుని జీవనమును గూర్చి. మసాచుసెట్సు విచారించినది సైనికుని జీతమును గూర్చి. ఇరువురును సేవ చేయువారే. అయినను కొలతకు వచ్చినది వారి సేవ వెల కాదు. వారు కొనుక్కొను తిండి, బట్టల వెల. చేతితో పట్టి చూడదగినదే లెక్కకు ఎక్కినది.

దీనికి శాస్త్రమును తోడు వచ్చినది. 1776లో వెలువడిన తన మహాగ్రంథమున ఆడం స్మిత్ శ్రమను రెండు తెగలుగా విభజించెను. వస్తువులో నిలిచియుండు శ్రమ ఉత్పాదకము. చేసిన క్షణముననే నశించు శ్రమ అనుత్పాదకము. ఈ రెండవ తెగలో ఆయన ఇంటి సేవకులతో బాటు మతాచార్యులను, న్యాయవాదులను, వైద్యులను, గాయకులను, నటులను కూడ చేర్చెను. వారి పని నిష్ప్రయోజనమని ఆయన అనలేదు. అది మిగిలియుండదని మాత్రమే ఆయన చెప్పెను. కాని మిగలని దానిని లెక్కింపనక్కరలేదను భావము తరువాతి తరముల వారిలో పాతుకొనిపోయినది. పిమ్మట సోవియట్ దేశము అనుసరించిన జాతీయాదాయ గణన విధానములో పెక్కు సేవలు ఉత్పత్తిగా పరిగణింపబడకపోవుట కూడ ఈ ఆలోచనకు దూరపు చుట్టమే.

పందొమ్మిదవ శతాబ్దములో సూచీ సంఖ్యల శాస్త్రము వేగముగా పెరిగినది. 1863లో జెవన్సు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, కాలిఫోర్నియా, ఆస్ట్రేలియా గనులనుండి వచ్చిన బంగారము వలన ద్రవ్యపు విలువ పడిపోయినదని నిరూపించుటకై 39 ముఖ్య సరుకుల ధరలను గుణ మధ్యమము చొప్పున కలిపి చూపెను. జర్మనీలో 1871లో లాస్పేర్, 1874లో పాషే, ఒక్కొక్క సరుకునకు దాని ప్రాముఖ్యమును బట్టి భారము నియ్యవలెనని రెండు సూత్రములు చెప్పిరి. పాత సంవత్సరపు పరిమాణములను భారముగా గ్రహించుట లాస్పేర్ పద్ధతి. కొత్త సంవత్సరపు పరిమాణములను గ్రహించుట పాషే పద్ధతి. ఉప్పు ధర రెట్టింపైనను ఇల్లు గడచును; బియ్యము ధర పాతిక వంతు పెరిగినను కాపురము కదలిపోవును. భారమనగా ఇదియే. 1902లో అమెరికా శ్రామిక శాఖ టోకు ధరల సూచిని ప్రచురింప మొదలిడినది.

మన దేశములో టోకు ధరల సూచి రెండవ ప్రపంచయుద్ధపు బిడ్డ. 1942 జనవరి 10వ తేదీతో మొదలైన వారమునుండి ఆర్థిక సలహాదారు కార్యాలయము దానిని వారము వారము ప్రకటించినది. యుద్ధము ముంచుకొనివచ్చుటకు ముందు, 1939 ఆగస్టు 19తో ముగిసిన వారమును నూరుగా భావించి, 23 సరుకుల ధరలను అందులో చేర్చిరి. పిమ్మట ఆధార సంవత్సరము మారినకొలది సరుకుల సంఖ్య పెరిగినది. 2011-12 ఆధారముగా 2017లో వెలువడిన శ్రేణిలో 697 వస్తువులు కలవు. కాని ఆ 697లో ఒక్క సేవయైనను లేదు. వరి ఉన్నది, ఉక్కు ఉన్నది, విద్యుచ్ఛక్తి కూడ ఉన్నది. లారీ కిరాయి లేదు, బ్యాంకు రుసుము లేదు, న్యాయవాది పారితోషికము లేదు. అప్పటికే జాతీయాదాయములో సగమునకు మించిన భాగము సేవల నుండి లభించుచుండెను.

ఈ లోపము మన దేశమునకే పరిమితము కాదు. అమెరికా తన టోకు ధరల సూచికి 1978లో ఉత్పత్తిదారుల ధరల సూచి అని పేరు మార్చినది. ఇది పేరు మార్పు మాత్రమే కాదు. టోకు ధర అన్నప్పుడు మనస్సు అంగడి వీథిలోని బస్తాల మీదికి పోవును. ఉత్పత్తిదారుని ధర అన్నప్పుడు, పని చేసినవాని చేతికి ముట్టిన సొమ్మెంత అను ప్రశ్న వచ్చును. ఆ ప్రశ్న రైతును అడుగవచ్చును, కర్మాగారమును అడుగవచ్చును. అట్లే బ్యాంకును, ఓడల కంపెనీని అడుగవచ్చును. 1980 తరువాతి సంవత్సరములలో అక్కడ ఒక్కొక్క సేవను గూర్చి ధరలు సేకరింప మొదలిడిరి. 2014 ఆరంభము నాటికిగాని సేవలు ప్రధాన సూచిలో పూర్తి స్థానము పొందలేదు. జపాన్ దేశపు కేంద్ర బ్యాంకు 1991లో వ్యాపార సంస్థలు ఒకదానికొకటి అమ్ముకొను సేవల ధరలకు ప్రత్యేక సూచిని వెలువరించినది.

ఈ చరిత్రలో హాలండు దేశములోని ఫోర్‌బర్హ్ పట్టణమునకు ఒక చోటున్నది. ఐక్యరాజ్యసమితి గణాంక కార్యాలయము కోరిక మేరకు ఏర్పడిన ఒక నిపుణుల బృందము 1987లో అక్కడ తొలిసారి సమావేశమైనది. సేవలను కొలుచుట ఎట్లను ఒక్క ప్రశ్న మీదనే వివిధ దేశముల ఉద్యోగులు కూర్చుండి, తమ తమ అనుభవములను, తప్పొప్పులను పోల్చుకొనిరి. నాటినుండి ఆ బృందమునకు ఆ ఊరి పేరే నిలిచినది. అక్కడ పక్వమైన ఆలోచనలనుండి 2005లో ఐరోపా గణాంక కార్యాలయము, ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ కలిసి ఒక మార్గదర్శక గ్రంథమును ప్రకటించినవి.

ఇంతకును ఆ పద్ధతులేమి? మూలసూత్రము ఒక్కటే. అదే సేవ, అదే నాణ్యము, అవే షరతులు ఉండగా నెలనెలకు వెల ఎట్లు మారినదో చూడవలెను. ఈ సూత్రము కొన్ని సేవలకు చక్కగా సరిపోవును. కొత్తగూడెమునుండి విజయవాడకు ఒక టన్ను బొగ్గును రైలులో చేరవేయుటకు కూలి యెంత? దూరము మారదు, బరువు మారదు. ధర మారిన యెడల అది నిజముగా ధరలోని మార్పే.

రెండవది ఒడంబడిక ధర. గిడ్డంగికి సాలు పొడవున కావలి కాయుటకు ఒక సంస్థ ఇంత సొమ్మునకు ఒప్పుకొన్నదనుకొందము. ఇది మన పల్లెలకు కొత్త కాదు. మంగలి, చాకలి, కమ్మరి, వడ్రంగి మొదలగు ఆయగాండ్రకు కోతల కాలమున కళ్లములో ఇన్ని కుంచములని ధాన్యము కొలిచి యిచ్చు ఆచారము తరతరములు నడచినది. అదియు సాలు ఒడంబడికయే. కాని గణాంక శాస్త్రజ్ఞుడు ఇచ్చట ఒక చిక్కు చూచును. కుంచములు మారలేదు సరే. ఆ యేడు ఎన్ని నాగళ్లు చెక్కించుకొన్నారు? కుటుంబములో మనుష్యులు పెరిగి బట్టల మూట రెట్టింపైన యెడల, ఒక్కొక్క బట్టకు చాకలికి ముట్టిన కూలి సగమైనట్లే గదా! కాగితము మీద ధర నిలకడగా నున్నది, నిజములో పడిపోయినది. కావలి సంస్థ ఇద్దరు మనుష్యులకు బదులు ఒక్కనినే పంపి అంతే సొమ్ము పుచ్చుకొన్నచో, అది ధర పెరుగుటయే యని సూచిలో వ్రాయవలెను.

మూడవది శాతపు రుసుము. గృహనిర్మాణ శిల్పి కట్టడపు ఖర్చులో నూటికి ఐదు వంతున పుచ్చుకొనుననుకొందము. ఖర్చు ఇరువది లక్షలైనప్పుడు అతనికి లక్ష రూపాయలు. ఇటుక, సిమెంటు ధరలు పెరిగి అదే ఇల్లు ఇరువదిరెండు లక్షలైనప్పుడు అతనికి లక్ష పదివేలు. నూటికి ఐదన్న మాట మారలేదు. కాని అతడు చేసిన పని అదియే. అందుకు ఇంటి యజమాని పదివేలు అదనముగ చెల్లించెను. కనుక సేవ వెల నూటికి పది వంతులు పెరిగినట్లు. శాతమును మాత్రమే చూచువానికి ఈ పెరుగుదల కనబడదు.

నాలుగవది నమూనా పద్ధతి. ఏ రెండు వంతెనల రూపకల్పనయు ఒకటి కాదు. అందుచేత అధికారులు ఒక ఊహా వంతెనను వర్ణించి, దీనికి ఈ నెలలో మీరు ఎంత అడుగుదురని సంస్థలను ప్రశ్నింతురు. పోలిక చక్కగా కుదురును. కాని ఎవరును కొనని వంతెనకు చెప్పిన వెలలో బేరసారముల వేడి ఉండదు. జవాబు వ్రాయు గుమాస్తా నిరుటి అంకెనే మరల వ్రాసిన యెడల సూచి నిద్రపోవును.

ఐదవది గంటల లెక్క. న్యాయవాదులకు, లెక్కల తనిఖీదారులకు, సాఫ్ట్‌వేరు సంస్థలకు దీనిని వాడుట కలదు. హైదరాబాదులోని సంస్థ విదేశపు ఖాతాదారునకు గంటకింతయని బిల్లు వేయును; ఆ గంట వెలను నెలనెలకు చూచిన చాలును. సులభమైన పద్ధతి, కాని ప్రమాదము కూడ ఇందులోనే ఉన్నది. నిరుడు పది గంటలు పట్టిన పని నేర్పు పెరిగి ఈ యేడు ఆరు గంటలలో ముగిసినదనుకొందము. గంట వెల నూరు రూపాయల నుండి నూట ఇరువది అయినదనుకొందము. గంటల లెక్కలో ధర నూటికి ఇరువది పెరిగినది. పని లెక్కలో వేయి రూపాయల పని ఏడు వందల ఇరువదికే అయినది, ధర తగ్గినది! కొలిచిన వానికి పనివాని నేర్పు కనబడలేదు. ధరల మంట మాత్రము కనబడినది.

బ్యాంకు సంగతి మరింత గహనము. అది అనేక సేవలకు విడిగా బిల్లు వేయదు. దాచుకొన్నవారికి నూటికి ఆరు వడ్డీ యిచ్చి, అప్పు తీసికొన్నవారి వద్ద నూటికి పది పుచ్చుకొనును. సేవ వెల ఈ మధ్యనున్న సందులో దాగియున్నది. శాస్త్రజ్ఞులు నడుమ ఒక ప్రామాణిక వడ్డీని, ఎనిమిదనుకొందము, నిలిపి, దాచుకొన్నవాడు రెండు వదలుకొనెను, అప్పుగొన్నవాడు రెండు అధికముగ నిచ్చెను, ఈ రెండును బ్యాంకు సేవకు ఇరువురు చెల్లించిన వెలయని విడదీయుదురు.

రేడియో యున్న ఇంటివారికి ఆసక్తి కలిగించు ఉదాహరణము ఇంకొకటి కలదు. 1967 నవంబరు 1న బొంబాయి, నాగపూరు, పూనా కేంద్రములలో వివిధభారతి వాణిజ్య ప్రసారములు మొదలైనవి. పాట వినుచున్న శ్రోత ఆ పాటకని పైకము చెల్లించుట లేదు. కనుక కుటుంబ వ్యయము ననుసరించు వినియోగదారుల ధరల సూచిలో ఆ పాటకు చోటు లేదు. కాని పాటల నడుమ కొన్ని క్షణములను ప్రకటనకర్త కొనుచున్నాడు. ఉత్పత్తిదారుల దృష్టితో చూచిన, రేడియో కేంద్రము అమ్మిన సరుకు ఆ క్షణములే. అందును నాణ్యమున్నది: వేయిమంది విను పది క్షణములును, లక్షమంది విను పది క్షణములును ఒకే సరుకు కావు. వినువారు పెరిగి ధర స్థిరముగా నున్న యెడల, వెల నిజముగా తగ్గినట్లే.

సేవల ధరలు వస్తువుల ధరలతో కలిసి నడువకపోవుటకు లోతైన కారణమున్నది. 1966లో బామోల్, బోవెన్ అను అమెరికా ఆర్థికవేత్తలు సంగీత నాటక కళల ఆదాయ వ్యయములను పరిశోధించి దీనిని విశదపరచిరి. యంత్రములు వచ్చి నేతపనిలో గంటకు నేయు బట్ట ఎన్నో రెట్లు పెరిగినది. కాని నలుగురు వాద్యకారులు వాయింపవలసిన కృతికి నూరేండ్ల క్రిందట ఎందరు, ఎంతసేపు కావలెనో నేడును అందరే, అంతసేపే కావలెను. మన త్యాగరాజ కృతిని విస్తారముగా పాడువాడు కాలము కలిసివచ్చునని రాగమును సగమునకు కుదించినచో అది మిగులు కాదు, లోపము. గాయకుని జీతము మాత్రము లోకములోని జీతములతో బాటు పెరుగక తప్పదు. కావున బట్ట చౌకయగుచుండగా పాట ప్రియమగును. బట్టల ధరను చూచి పాట ధరను ఊహించువాడు పొరపడును.

ఈ పొరపాటు వలన నష్టమెవరికి? అని అడుగవచ్చును. స్వాతంత్ర్యము వచ్చిన రెండేండ్లకు, 1949లో, మహలనోబిస్ అధ్యక్షతన ఏర్పడిన జాతీయాదాయ సంఘము పెక్కు సేవలను కొలుచుటకు పనివారి సంఖ్యను సగటు ఆదాయముతో హెచ్చవేసినది. ఆనాటి సాధనములతో అంతకు మించిన మార్గము లేకుండెను. కాని రూపాయలలో తెలిసిన ఆదాయమునుండి ధరల పెరుగుదలను తీసివేసిననే గాని నిజమైన వృద్ధి తెలియదు. ఒక సేవా రంగపు రాబడి నూటికి పది పెరిగినదనుకొందము. ధర రెండు వంతులు పెరిగిన యెడల నిజవృద్ధి దాదాపు ఎనిమిది. ఏడు వంతులు పెరిగిన యెడల దాదాపు మూడు. ఎనిమిదికిని మూడుకును నడుమ దేశపు ఆర్థిక నీతియే మారును. 2015లో ముడి చమురు వెల పడిపోయి మన టోకు ధరల సూచి క్రిందికి దిగినది. చమురు చౌకైనంత మాత్రమున సేవల వెలలు తగ్గవు. వస్తువుల సూచితో సేవల రాబడిని భాగించుట వలన వృద్ధి ఉన్నదాని కంటె ఎక్కువగా కనబడుచున్నదని ఆర్థికవేత్తలు కొందరు ఆక్షేపించిరి. ఆ వాదము అంకెల ముచ్చట కాదు. ఉద్యోగములు, వడ్డీ రేట్లు, పన్నుల అంచనాలు దానిపై ఆధారపడియున్నవి.

మన దేశమున ఈ దిశగా ప్రయత్నములు జరుగకపోలేదు. ఆర్థిక సలహాదారు కార్యాలయము రైల్వే, తపాలా, టెలిఫోను, బ్యాంకు, విమానయానము వంటి సేవలకు ప్రయోగాత్మకముగా ధరల సూచులను తయారుచేసినది. ఉత్పత్తిదారుల ధరల సూచి రూపకల్పనకై 2014లో ఆచార్య గోల్దార్ అధ్యక్షతన ఏర్పడిన బృందము 2017లో తన నివేదికను సమర్పించినది. టోకు ధరల సూచిని సవరించుటకును, ఉత్పత్తిదారుల సూచికి మారు మార్గమును నిర్ణయించుటకును 2025 జనవరిలో రమేశ్ చంద్ అధ్యక్షతన మరియొక బృందమును ప్రభుత్వము నియమించినది.

సూచి ఎంత శాస్త్రీయమైనను దాని ఆయువు ఒక చిన్న కాగితములో ఉన్నది. లారీల యజమాని, కావలి సంస్థ గుమాస్తా, బ్యాంకు ఉద్యోగి నెలనెలకు నింపి పంపు ప్రశ్నపత్రమే ఆ కాగితము. వారు జాగ్రత్తతో వ్రాసిన అంకె వలన సూచి మేలుకొనియుండును. ఆడం స్మిత్ నాటినుండి సేవకులు, వైద్యులు, గాయకులు ఒకే పంక్తిలో నిలిచి, తమ శ్రమ జాడ మిగలదను మాటను విన్నారు. శ్రమ చేసిన క్షణముననే కరగిపోవచ్చును; అందుకు ఒకడు వెల యిచ్చెను, ఇంకొకడు పుచ్చుకొనెను అను సంగతి కరగిపోదు. దానిని నిజాయితీగా వ్రాసి ఉంచుటయే ఈ శాస్త్రము చేయు పని.